వంజరంలో తెల్ల గింజలు

నా చిన్నప్పుడు చేప కండలో తెల్ల గింజలు కనిపించినందుకు ఒక మనిషి చెయ్యి విరగ్గొట్టారు. ఆ గింజలేమిటో ఇన్నేళ్లకు, ఈ కెనడాలోని ఎడ్మంటన్‌లో, మా మనవరాలి వల్ల తెలిసింది. యూనివర్సిటీలో సముద్రపు చేపల్ని కోసి మైక్రోస్కోపు కింద చూడడం దాని పని. నిన్న వంటింట్లో ఫోన్‌లో ఒక ఫొటో నా మొహం ముందు పెట్టింది. చేప కండలోని గింజని చిదిమితే లోపల కంటికి ఆనని పరాన్నజీవులు, ఒక్కొక్కటీ నాలుగు రేకుల పువ్వులా ఉంది. "అమ్మమ్మా, ఇది న్యూ స్పీషీస్! దీనికింకా పేరే లేదు!" అని గంతులేసింది. నాకు మాత్రం మా ఊరి చర్చి వాకిలి గుర్తొచ్చింది.

మా ఊళ్లో కోతపండగకి ప్రతి పడవవాళ్లూ తమ వేటలో మంచి చేపని చర్చికి కానుకగా ఇచ్చేవారు. వాటితోనే ప్రేమవిందు, అంటే అందరూ కలిసి చేసే భోజనం. ఆ ఏడు పక్కింటి మావయ్య తెచ్చిన వంజరాన్ని కోస్తే కండ నిండా బియ్యపు నూకల్లాంటి గింజలు. దేవుడికి పాడు చేప తెచ్చిన పాపి అని ఎవరో అరిచారు. అంతే, తెడ్లు లేచాయి. చర్చి వాకిట్లోనే కొట్టారు. మోచెయ్యి విరిగిన చప్పుడు నాకు వినబడింది. కిందపడ్డాక కూడా వదల్లేదు, నోట్లోంచి రక్తం కారుతుంటే మొహం మీద తన్నారు. ఆ తన్నినవాళ్లలో మా నాన్న ఉన్నాడు. నాన్నంటే అంత భయం నాకెప్పుడూ వేయలేదు.

వంట చేస్తున్న మా మేనత్త అడ్డం వెళ్లలేదు. వెళ్తే ఆవిణ్ణీ కొట్టేవారే. కత్తిపీట వాకిట్లోకి లాగి, మా నాన్న ఇచ్చిన వంజరాన్ని అందరి ముందూ కోసింది.

"అన్నయ్యా, ఇది నీ చేపేగా? దీన్నిండా అవే ఉన్నాయి. చెప్పు, ఇప్పుడు నిన్నెవరు కొట్టాలి?"

తర్వాత తన్నినవాళ్ల చేపలన్నీ ఒక్కొక్కటే కోసింది. చాలావాటిలో అవే గింజలు. తెడ్లు దిగాయి. మావయ్య చెయ్యి మాత్రం తిన్నగా అతుక్కోలేదు, అతను మళ్లీ వేటకి వెళ్లలేదు.

ఇదంతా చెబితే మనవరాలి మొహంలో సంబరం పోయింది. "ఒక్క ఫిష్‌లో చూసి పేరు పెట్టెయ్యం అమ్మమ్మా. బోల్డన్ని ఓపెన్ చేసి, తెలిసిన స్పీషీస్‌తో కంపేర్ చేస్తేగానీ ఒప్పుకోరు," అంది.

కంటికి కనబడని పురుగు కోసం అన్ని చేపలు కోస్తారట. మనిషిని పాపి అనడానికి మావాళ్లు ఒక్కటే కోశారు. ఇప్పటికీ ఎవరి మీదైనా నా నోరు లేవబోతే ముందు ఆ మోచెయ్యి చప్పుడు వినబడుతుంది. అప్పుడు నోరు మూసుకుని, నా బుట్టలో చేప ఎలా ఉందో చూసుకుంటాను.