అరవనివాళ్ళు ముందు

హుస్సేన్ వలి పేరు ఆ నివేదికలో నేనెందుకు రాయలేదు? ఆరేళ్ళుగా నన్ను నేనే అడుగుతున్నాను. దొరికినవన్నీ సాకులే, జవాబు మాత్రం దొరకలేదు.

ఆళ్ళగడ్డలో ఒక చిన్న ఆసుపత్రి మాది. వలి అంబులెన్సు డ్రైవరు, నేను ఆఫీసు సూపరింటెండెంటును. బస్సు బోల్తా పడితే, తిరునాళ్ళలో తొక్కిసలాట జరిగితే ఏ బండి ఎటునుంచి రావాలి, ఎన్ని మంచాలు ఖాళీ చేయాలి, ముందు ఎవరికి ఫోను చేయాలి అన్నదంతా ముందే రాసిపెట్టే పని నాది. దొరికిన పుస్తకమల్లా చదివి నలభై మూడు పేజీలు రాశాను. వలి చదువు మూడో తరగతి దాటలేదు.

సాయంత్రం డ్యూటీ దిగాక నా కిటికీ దగ్గర ఆగి, "పోతాండా సారూ" అని చెప్పిగానీ వెళ్ళేవాడు కాదు. ఆ మర్యాద కూడా నాకు గుచ్చుకునేది. ఊళ్ళో ఎవరికి దెబ్బ తగిలినా జనం అడిగే మాట ఒక్కటే: "వలి వచ్చినాడా?" ఒకరోజు నా భార్య హన్నమ్మకు కళ్ళు తిరిగాయి. పక్కనే ఉన్న నన్ను చూసి, "నువ్వు పుస్తకం తెరిచేలోపల నేను పోతా. వలన్నను పిలువు" అంది. నవ్వాను గానీ ఆ మాట చాలా రోజులు అరగలేదు.

నా ప్రణాళికను ఒకసారి ఆచరించి చూపమని నంద్యాలలోని పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. శిరివెళ్ళ రోడ్డు పక్కన పాత బస్సు నిలబెట్టి, ముప్పై మంది కాలేజీ పిల్లలను గాయపడినవాళ్ళుగా పడుకోబెట్టాం. ప్రాణం మీదికి వచ్చినవాళ్ళ చేతికి ఎర్రగుడ్డ, చిన్న దెబ్బలవాళ్ళకు పచ్చగుడ్డ. ఎర్రగుడ్డలవాళ్ళు స్పృహ లేనట్టు పడి ఉండాలి. పచ్చగుడ్డలవాళ్ళు కేకలు పెట్టాలి. పన్నెండు నిమిషాల్లో అంబులెన్సు రావాలి.

"పన్నెండు నిమిషాలు మన జనం చేతులు కట్టుకోని నిలబడతారా సారూ?" అన్నాడు వలి.

"నువ్వు బండి తోలప్పా, చాలు" అన్నాను.

పిల్లలు కేకలు మొదలుపెట్టారో లేదో, దారిన పోయే ఆటోలన్నీ ఆగిపోయాయి. ఇదంతా ఉత్తుత్తిదే అని మేం మొత్తుకున్నా ఎవరూ వినలేదు. "అరవాకు బిడ్డా, పోదాం పా" అంటూ, ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళనే ఎత్తి వేసుకుపోయారు. రోడ్డు మీద మనిషి పడి ఉంటే చూస్తూ నిలబడటం మా ప్రాంతంలో తప్పు. నా నలభై మూడు పేజీల్లో ఆ ముక్క లేదు. వలి బండి వచ్చేసరికి పచ్చగుడ్డ ఒక్కటీ మిగల్లేదు. ఆసుపత్రిలో నేను ఖాళీ చేయించిన మంచాలన్నీ వాళ్ళతోనే నిండిపోయాయి. ఎర్రగుడ్డలవాళ్ళు ఎండలో అలాగే పడి ఉన్నారు. అందులో భానుప్రియ అనే పిల్ల ఒక కన్ను తెరిచి, "సార్, నేను సచ్చిపోయినానా? ఇంటికి పోవచ్చునా?" అంది. అందరూ నవ్వారు. వలి నవ్వలేదు.

మర్నాడే ఆటోస్టాండుకు వెళ్ళాడు. ఏం చెబుతాడో విందామని నేనూ టీ నెపంతో వెళ్ళాను.

"అరిచేటోనికి ఊపిరుందప్పా. అరవనోని కాడికి ముందు పోండి. చేతికి ఎర్రగుడ్డ కట్టండి, మెడ కదిలిచ్చాకండి, నా బండి వచ్చేదాకా ఆడనే ఉండండి. అరిచేటోళ్ళను ఆస్పత్రికి కాదు, బడి కాడికి తోలండి. నర్సమ్మ ఆడికే వస్తాది."

"అరిచేటోడు మమ్మల్ని తిడతాడు గదన్నా?" అన్నాడు ఒక ఆటో అతను.

"తిట్టనీ. తిట్టేటోడు యాడ సస్తాడు!"

స్టాండంతా నవ్వింది. నా సమావేశాల్లో ఎవరూ ఎప్పుడూ నవ్వలేదు. వలి భార్య ఖాసింబీ తన పాత ఎర్రచీర చించి ముక్కలు చేసింది. ప్రతి ఆటో సీటు కిందా ఒక మూట చేరింది. ఆ ఉత్తుత్తి ప్రమాదం రెండోసారి జరిపినప్పుడు అరవనివాళ్ళే ముందు ఆసుపత్రి చేరారు.

నంద్యాల నుంచి వచ్చిన అధికారి నాతో, "ఈ ఆటోల ఆలోచన ఎవరిదో పేరుతో సహా నివేదికలో రాయండి. డ్రైవర్లకు నేర్పే మనిషి మాకు నంద్యాలలో కావాలి" అన్నాడు. అది వలి చెవిన పడింది. సాయంత్రం కిటికీ దగ్గరికి వచ్చాడు.

"నడుం పాయ సారూ. బెల్టు కట్టుకోని తోల్తాండా. మీరు రెండు ముక్కలు రాస్తే స్టీరింగు ఇడిసిపెడతా."

"రాస్తాలేప్పా."

రాశాను. 'ఇది ఆసుపత్రి సిబ్బంది సమష్టి కృషి' అని. అబద్ధం కాదు గదా. వాక్యం బాగా కుదిరిందని కూడా అనుకున్నాను. కింద సంతకం నాది.

నంద్యాల పోస్టులో వేరే ఎవరో చేరారు. ఒకరోజు వలి మా గుమాస్తా కీర్తన చేత నివేదిక చదివించుకున్నాడు. తలుపు ఇవతల నాకు వినబడుతోంది.

"ఆ కడాపేజీ ఇంగోసారి చదువమ్మా."

చదివింది.

"నా పేరు యాడా లేదా?"

"లేదన్నా."

"ఆటోవాళ్ళవి?"

"అవీ లేవు."

పని మానేస్తున్నట్టు ఆమె చేతే కాగితం రాయించి వేలిముద్ర లాంటి సంతకం పెట్టాడు. తర్వాత బండి అద్దం తుడిచాడు. ఆక్సిజన్ సిలిండరు చూసుకున్నాడు. కొత్త డ్రైవరు అజయ్ కుమార్ చేతిలో తాళం పెట్టి, "రెండో గేరు మొండికేస్తాది, బతిమాలుకో" అన్నాడు.

నేను ఏదో రాస్తున్నట్టు తల వంచుకుని, ఆ 'పోతాండా సారూ' కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. చెప్పుల చప్పుడు కిటికీ దాకా వచ్చింది. ఆగలేదు. తలెత్తేసరికి వలి నడుం పట్టుకుని ఆటో ఎక్కుతున్నాడు. లోపలివాళ్ళు జరిగి చోటిచ్చారు. ఆటో శిరివెళ్ళ వైపు తిరిగిపోయింది.