బల్ల మీద నడిచే కత్తెర

మా అన్నయ్యను వీధిలో అందరూ కటింగ్ మాస్టారు అంటారు. మనిషికి ముక్కు మీదే కోపం. ముప్పై ఏళ్ళుగా మా కుట్టుకొట్లో బట్ట కోసేది ఆయనే. మిషను మీద కూర్చునేది వదిన, కాజాలు తీసి గుండీలు కుట్టేది నేను. ఎవరైనా "కాస్త వదులుగా కోయండి మాస్టారూ" అన్నారో, "సంచీ కావాలంటే పక్క కొట్టుకు వెళ్ళండి" అనేవాడు. అయినా జనం మా కొట్టుకే వచ్చేవాళ్ళు. ఆయన కోసిన కోటు భుజానికి అతికినట్టు కూర్చుంటుంది మరి.

ఒక ఉదయం కొలతలు తీస్తుంటే టేపు చేతిలోంచి జారింది. వంగి తీయబోయి కుడిపక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం అన్నారు. నెల తిరిగేసరికి నడక వచ్చింది, మాట వచ్చింది. కుడిచెయ్యి మాత్రం బరువుగా వేలాడింది. వేళ్ళు ముడుచుకుంటే మళ్ళీ వాటంతటవి విచ్చుకోవు.

అప్పటికే ఒక వకీలు గారి కోటు గుడ్డ మా అలమరలో ఉంది. బూడిద రంగు ఉన్ని, మరో ముక్క దొరకని పాత సరుకు. "మాస్టారు కోలుకున్నాకే కోయండి. చలికాలానికి అందితే చాలు" అన్నారాయన. అన్నయ్య ఆ మాట పట్టుకున్నాడు. "చలికాలం లోపల ఆ గుడ్డ నేను కోయలేకపోతే, ఈ కోత బల్ల తీసేసి ఇంకో మిషను వేసుకోండి" అన్నాడు. ఆయన అన్నాడంటే అన్నట్టే.

ఆసుపత్రి వాళ్ళు ఆక్యుపేషనల్ థెరపీకి వెళ్ళమన్నారు. అదేదో ఉద్యోగాలు ఇప్పించే చోటనుకుని, "మా అన్నయ్యకు పని ఉందండీ, చెయ్యే రావట్లేదు" అన్నాను. తీరా చూస్తే అదొక పెద్ద గది, రోజూ చేసుకునే పనులు మళ్ళీ నేర్పే చోటు. ఒక మూల పొయ్యి, గిన్నెలు. ఇంకో మూల మంచం. గోడకు బిగించిన చెక్క మీద కుళాయిలు, తాళాలు, గుండీలు. ఆరేళ్ళ పాప ఒకతి నేల మీద కూర్చుని, మాట వినని కాళ్ళకు తనే మేజోళ్ళు తొడుక్కుంటోంది. వేళ్ళ కీళ్ళు వాచిన రిటైర్డ్ టీచరమ్మ, లావుపాటి పిడి ఉన్న చాకుతో క్యారెట్ తరుగుతోంది.

థెరపిస్టు ముప్పై దాటని అమ్మాయి. నొప్పి ఎక్కడ అని అడగలేదు. "పొద్దున లేచింది మొదలు మీరేం చేస్తారో వరసగా చెప్పండి" అంది. అంతా విని మొదటి దెబ్బ పక్కనే కూర్చున్న మా వదిన మీదే వేసింది.

"ఇవాళ్టి నుంచి ఆయన చొక్కా గుండీలు మీరు పెట్టకండమ్మా."

ఇక చొక్కా తొడుక్కోవడానికే ఆయనకు ఇరవై నిమిషాలు పట్టేది. వదిన వంటింట్లోకి వెళ్ళి ఏడ్చేది. నేను ఆ పిల్లను నోటికొచ్చినట్టు తిట్టుకునేదాన్ని. రెండు నెలలకు అన్నయ్య తన స్నానం తనే చేసి, తన కంచంలో తనే కలుపుకుని తిన్నాడు. నా తిట్లన్నీ నేనే మింగాను.

కత్తెర దగ్గరికి వచ్చేసరికి బండి ఆగిపోయింది. ఆ అమ్మాయి చిన్న కత్తెర, కాగితం ఇచ్చి, మోచెయ్యి ఎత్తి కోయమంది. ఎత్తగానే చెయ్యి వణికేది, వేళ్ళు బిగుసుకుపోయేవి. మూడు వారాలపాటు కాగితాలు చిరిగాయే తప్ప తెగలేదు. చివరికి అన్నయ్య కత్తెర పక్కన పెట్టేసి లేచాడు.

"ఇక చాలమ్మా. ఇలా ఎత్తి కోయడం నాకు చెయ్యి బాగున్నప్పుడు కూడా రాదు."

"అదేంటి మాస్టారూ?"

"గాల్లో కత్తెర ఆడించేది సెలూన్‌లో. మా కత్తెర కింది బ్లేడు బల్లను వదలదు. బల్ల విడిచి బట్ట కోయడమంటే నేల విడిచి సాము చేయడమే."

ఆ అమ్మాయి చిరిగిన కాగితాలు పక్కకు నెట్టింది. "ఇది నేను మొదటి రోజే అడగాల్సింది. తప్పు నాది. రేపు మీ కొట్టుకు వస్తాను, చూపించండి" అంది. తప్పు నాదని ఒప్పుకున్న పెద్ద చదువుల మనిషిని నేను అంతకుముందు చూడలేదు. నాకు ఆ పిల్ల మీద అప్పుడే ఇష్టం పుట్టింది.

మర్నాడు వచ్చి, బల్ల పక్కన కూర్చుని, ఆయన చెప్పిందంతా రాసుకుంది. బల్ల కాళ్ళ కింద చెక్కముక్కలు పెట్టించి ఎత్తు పెంచింది. మోచేతి కింద, జారడానికి వీలుగా, నున్నటి గుడ్డతో మెత్త కుట్టమని నాకు పని చెప్పింది. కత్తెర పిడుల మధ్య స్ప్రింగు బిగించింది. మూయడం ఆయన పని, తెరవడం దాని పని.

"మీ చేతి బరువు బల్ల మోస్తుంది. మీరు కత్తెరను నడిపించండి చాలు" అంది.

కోసి కోసి ఇంట్లో పాత దుప్పట్లన్నీ అయిపోయాయి. మొదట్లో గీత ఒకవైపు, కోత ఒకవైపు. "అన్నయ్యా, ఇది దిండు గలీబుకు కూడా పనికిరాదు" అన్నాను. "నువ్వు నోరు మూసుకుని కాజాలు తియ్యి" అన్నాడు. నాలుగు నెలల తర్వాత ఆయన నన్ను కసరడం అదే మొదలు. నాకు ప్రాణం లేచొచ్చింది.

చలిగాలి మొదలైన వారంలో వకీలు గారి గుడ్డ బల్ల మీద పరిచాడు. ఎడమచేత్తో సుద్దగీతలు గీశాడు. వీపు ముక్క చక్కగా వచ్చింది. ముందు ముక్కల్లో చంక వంపు తిరిగే చోట వేళ్ళు బిగుసుకుపోయాయి. ఒక్క వెంట్రుకవాసి తప్పినా ఆ గుడ్డ మళ్ళీ దొరకదు. వదిన అడుగు ముందుకు వేసింది.

"ఎవరూ ముట్టుకోకండి" అన్నాడు.

అరచెయ్యి బల్లకు ఆనించి, ఊపిరి పీల్చుకుని, ఎడమచేత్తో ఒక్కో వేలూ విప్పుకున్నాడు. మళ్ళీ కత్తెర పట్టాడు. వంపు తిరిగింది. ఒకప్పుడు పది నిమిషాల పని, ఆ రోజు గంటంబావు పట్టింది. రెండు ముందు ముక్కలూ ఒకదాని మీద ఒకటి పరిస్తే నూలుపోగు తేడా లేదు. వదిన వెక్కుతుంటే, "అవతలికెళ్ళి ఏడువు, గుడ్డ మీద నీళ్ళు పడతాయి" అన్నాడు. ఆయన కళ్ళూ నిండే ఉన్నాయి. నేనైతే సిగ్గు విడిచి ఏడ్చాను.

వకీలు గారు ట్రయల్‌కి వచ్చారు. కోటు తొడుక్కుని, చేతులు ఎత్తి దించి, అద్దంలో భుజాలు చూసుకున్నారు. తర్వాత అన్నయ్య కుడిచేతి వైపు చూసి, మొహమాటపడుతూ అడిగారు.

"ఇంత బాగా కోసింది ఎవరు మాస్టారూ?"

"ఈ కొట్లో కోసేది ఒక్కడే" అన్నాడు అన్నయ్య.