నిప్పులో పుట్టిన రాళ్లు

మా మేనకోడలు పనయ్ మొగుడు లెకాల్ మా కొండకు అవతల, లోయలో పుట్టినవాడు. మాలో ఇల్లు ఆడవాళ్లది, మగవాడు ఇల్లరికం రావలసిందే. అల్లుడు నచ్చకపోతే అత్త నోరు చేసుకోదు, అతని సంచి గడప బయట పెడుతుంది. అంతే, వాడు పుట్టింటి దారి పట్టాలి. పనయ్ తల్లి, మా అక్క తిపుస్, తన పెద్దల్లుణ్ణి అలాగే సాగనంపింది.

సముద్రపు ఒడ్డున మొదటి చేపల విందు కొత్త అల్లుడే వండాలి. కుండ ఉండదు. పోకమట్టను దొప్పగా మడిచి, నీళ్లూ చేపలూ వేసి, ఎర్రగా కాల్చిన రాళ్లు అందులో పడేస్తే పులుసు కుతకుత ఉడుకుతుంది. నేను వెళ్లేసరికి లెకాల్ తెల్లటి రాళ్లు నిప్పుల్లో పేర్చి మురిసిపోతున్నాడు.

"ఎక్కడివిరా ఇవి?"

"మా ఊరి ఏటివి బాబాయ్. మోసుకొచ్చా. ఎంత ముద్దుగా ఉన్నాయో చూడు."

నేను మెల్లగా దూరం జరిగాను. ఠప్పుమని ఒకటి పేలింది, వెంటనే ఇంకోటి. దొప్ప చిరిగి పులుసంతా అక్క పండగ పావడా మీద పడింది. చేపలు కుక్కలకు దక్కాయి. అందరూ పడిపడి నవ్వారు. అక్క ఒక్కతే నవ్వకుండా ఇంటికి వెళ్లిపోయింది.

"మీ రాళ్లెందుకు పేలవు బాబాయ్?" అన్నాడు పాపం.

"మా కొండ సముద్రంలో నిప్పు కక్కుతూ పుట్టిందిరా. దాని రాయి పొయ్యికి బెదురుతుందా? మీ ఏటి రాళ్లు పడమటి కొండవి, దాని జాతి వేరు. మా కొండ మీది వాగులో నల్లరాళ్లుంటాయి, చూసుకో."

మేం అక్క ఇంటికొచ్చేసరికి లెకాల్ సంచి గడప బయట ఉంది. పనయ్ ఏడుస్తోంది. లెకాల్ సంచి భుజాన వేసుకుని కొండెక్కాడు. పుట్టింటికే అనుకున్నాను.

పొద్దు వాలుతుండగా తిరిగొచ్చాడు. సంచి నిండా నల్లరాళ్లు. వాకిట్లో నిప్పు చేసి, దొప్ప కట్టి, వేరే చేపలతో మళ్లీ వండాడు. ఒక్క రాయీ చిట్లలేదు. అక్క పులుసు తాగింది.

"ఉప్పు తక్కువైంది," అంది. "సంచి బయట పెడితే గానీ రాళ్లు తేవాలని తోచలేదా నీకు?"

"అందుకా పెట్టావ్ అత్తా? నేనింకా..."

"తాగు, చల్లారిపోద్ది."

నోరెత్తకు అన్నట్టు అక్క నా వంక చూసింది. నేను చేపముల్లు తీసుకుంటున్నట్టు తల దించుకున్నాను.

లెకాల్ ఇప్పుడు తాత. "మా అత్త నాకు సంచిచ్చి మరీ పంపింది," అని తన అల్లుళ్లకు గొప్పలు చెబుతాడు. అక్క పోయి చాలా ఏళ్లయింది. ఆ సంచి ఇంటి లోపల, ఆ రోజు ఆమె తన చేత్తో తగిలించిన మేకుకే ఉంది.