గాలి తీసిన ఫినిష్ గేటు

పొద్దున్న బీచ్ రోడ్డులో ఫినిష్ గేటుకు మోటారుతో గాలి నింపుతుంటే, దాని మీది ‘అందరికీ స్వాగతం’ అన్న అక్షరాలు ఒక్కొక్కటే పైకి లేచాయి. పరుగెత్తినా, నడిచినా, ఎవరి వేగంలో వారు రావచ్చన్న సరదా పరుగు అది. నేను వాలంటీర్‌ని. ఏడున్నరకు రోడ్డు బళ్లకు వదిలేయాలి.

గేటు నేలకు దిగిపోయాక వచ్చారు, మా వీధికి చేపలు తెచ్చే నూకాలమ్మగారు. చిన్నప్పుడు పోలియో వచ్చిన కాలు. చేతికర్రతో మూడు కిలోమీటర్లూ నడిచారు. కింద ముడతలుపడి ఉన్న గుడ్డను చూసి నవ్వారు.

“ఏటి పాపా, నాకన్నా ముందల గేటే అలిసిపోనాదేటి?”

“సారీ అండీ, టైమైపోయింది.”

“పోన్లే. మరి నానెక్కడ ఆగాలో సెప్పు.”

నేను పెట్టెలోంచి మెడల్ తీశాను. ఈలోగా ఆమె ఆగకుండా జాలరిపేట వైపు వెళ్లిపోయారు. ఆమె మెడల్ నా చేతిలోనే ఉండిపోయింది.

పుస్తకాల్లో ఇన్ని మాటలు చదువుతాను, అవసరానికి ఒక్కటీ రాదు. మీరైతే ఏం చెప్పేవారు?

ఇంకెవరూ రారనుకుని ఏడుంబావుకే గేటు మోటారు ఆపేసింది నేనే.