అందింపుల జయరావు

జయరావు బాబాయికి ఉన్నది ఒకటే జబ్బు. ఎదుటి మనిషి మాట కోసం రెప్పపాటు ఆగితే చాలు, ఆ మాట ఆయన అందించేస్తాడు. సరైన మాట అందిస్తాడని కాదు, ఏదో ఒకటి అందిస్తాడు. ముప్పై ఏళ్ళు పద్యనాటకాల్లో తెర వెనక నిలబడి, డైలాగు మర్చిపోయిన రాజులకీ ఋషులకీ మాట అందించిన మనిషి కదా, ఆ అలవాటు పోలేదనుకున్నాం. బ్రాడీపేటలో మా సందంతా ఆయన్ని అందింపుల జయరావు అంటుంది. నేను ఇంకా ఘాటుగా అనేవాణ్ణి.

పక్క వీధిలో పెళ్ళిచూపులు జరుగుతున్నాయి. "మీ అమ్మాయి మాకు..." అని ఆగాడు పెళ్ళికొడుకు తండ్రి.

"నచ్చింది," అన్నాడు బాబాయి.

పాపం ఆయన అనబోయింది ఎత్తు తక్కువనిపిస్తోందని. అప్పటికే లోపల్నుంచి స్వీట్లు వచ్చేశాయి. ఇప్పుడా దంపతులకి రెండేళ్ళ పాప. ఏ విషయంలోనూ కలవని ఆ మొగుడూ పెళ్ళాలు బాబాయిని తిట్టడంలో మాత్రం కలుస్తారు.

క్లినిక్కులో డాక్టరు గారు ఎవరిదో రిపోర్టు తిరగేస్తూ "మీకు..." అన్నారు. "షుగరు," అన్నాడు వెనక బెంచీ మీద నుంచి బాబాయి. ఆ మనిషికి ఉన్నది గ్యాసు. డాక్టరు గారు ఎంత చెప్పినా నమ్మక వారం రోజులు అన్నం మానేశాడు.

ఇలాంటి మనిషి ఇంటి మీద నేను రికార్డింగ్ స్టూడియో పెట్టాను. స్టూడియో అంటే ఒక గది, గోడల నిండా కోడిగుడ్ల అట్టలు. రేడియోలో వార్తలు చదవాలని నేననుకున్నాను, రేడియో వాళ్ళు అనుకోలేదు. అందుకని పురుగుమందుల ప్రకటనలు చదువుతుంటాను. వాటిని ఆటోలకి మైకు కట్టి పల్లెల్లో తిప్పుతారు. ఒకసారి "రైతు సోదరులారా, మీ మిరప తోటలో..." అని ఊపిరి తీసుకున్నానో లేదో, కింద బాబాయి కిటికీలోంచి "తామర పురుగా?" అని వినిపించింది. అదీ రికార్డయింది. నేను చూసుకోకుండా పంపేశాను. నా ప్రకటనలన్నిట్లో అదొక్కటే సహజంగా ఉందన్నారు కంపెనీ వాళ్ళు. నా గొంతు గురించి ఎవరూ ఏమీ అనలేదు.

ఈ బతుక్కి పోయినేడు ఒక వెలుగు వచ్చింది. నార్వేలో ముగ్గురు స్నేహితులు కలిసి ఒక వీడియో గేమ్ చేశారు. పెద్ద కంపెనీ లేదు, ఏమీ లేదు, వాళ్ళు ముగ్గురే. అది వాళ్ళ అమ్మమ్మలు చెప్పిన కథలతో అల్లిన ఆట. ఒక పిల్ల తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ మంచు అడవిలో పడి వెళ్తుంది. పశువుల కొట్టంలో ఒక బుల్లి ముసలాయన ఉంటాడు. ఆయనకి జావలో వెన్న వేసి పెట్టకపోతే అలిగి ఆవుల తోకలు ముడేస్తాడు. అడవి చివర ట్రోల్ అనే రాక్షస జాతి ముసలమ్మ కూర్చుని ఉంటుంది. ఎండ తగిలి సగం రాయైపోయింది. తమ్ముడి జాడ తెలిసింది ఆవిడకే. ఒక్కో మాటా వెతుక్కుని వెతుక్కుని చెబుతుంది. తొందరపడి మీట నొక్కితే పూర్తిగా రాయైపోతుంది, దారి మూసుకుపోతుంది. ఆగిన వాడికే దారి.

"రాయైతే మార్టూరు గ్రానైట్ ఫ్యాక్టరీకి పంపిస్తే సరి, పాలిష్ పెట్టిస్తారు," అన్నాడు బాబాయి కథ విని.

ఆ ఆటని తెలుగులోకి తేవాలనుకుని, నెట్లో నా స్టూడియో చూసి వాళ్ళే రాశారు; తెలుగు గొంతులు నేను ఇప్పించాలి. పిల్ల గొంతు తేలిగ్గా దొరికింది. ఎదురుగా కోచింగ్ సెంటర్లో చదివే తేజశ్రీ చెప్పింది. ముసలమ్మ దగ్గర బండి ఆగిపోయింది. ముగ్గురి చేత చెప్పించి పంపితే నార్వే వాళ్ళు మూడూ తిప్పి పంపారు. "వీళ్ళు ఆగుతున్నారు. మాకు ఆగే మనిషి వద్దు, మాట వెతుక్కునే మనిషి కావాలి. శుక్రవారంలోగా దొరక్కపోతే తెలుగు వదిలేస్తాం," అని రాశారు. వదిలేస్తే నేను మళ్ళీ తామర పురుగు దగ్గరికే.

బుధవారం చీరాల నుంచి రాఘవమ్మ గారిని పిలిపించాను. పాత రంగస్థల నటి. మైకు ముందు కూర్చుని "మంచు..." అని ఆగారు. ఇదే కావాల్సిందనుకున్నాను.

"కరిగాక రా," అంది కిటికీ.

రాఘవమ్మ గారు లేచి చెప్పులేసుకున్నారు. "జయరావా ఇక్కడుంది? స్టేజీ మీద నా మాటలు మింగింది చాలదా? అయినా ఆ రోజుల్లో తెర దిగితే నోరు విప్పేవాడు కాదే. పిలిస్తే తలూపి ఊరుకునేవాడు. ఇప్పుడేం పట్టింది ఈయనకి?" అని వెళ్ళిపోయారు.

నేను కిందికి దిగి సందులో నలుగురి ముందూ అరిచాను. "నీ నోటికి తాళం లేదా? అందుకే నాటకాల వాళ్ళు నిన్ను వెళ్ళగొట్టింది." మీరు అనే మనిషిని నువ్వు అన్నాను. బాబాయి లోపలికి వెళ్ళి కిటికీ వేసుకున్నాడు. గెలిచానని అనిపించింది కూడా.

మర్నాడు కిందికి వెళ్ళాను. పశ్చాత్తాపం అనుకునేరు, కాదు. రాఘవమ్మ గారిని ఆయన బతిమాలితే వస్తారేమోనని ఆశ. తలుపు ఓరగా ఉంది. లోపల ఎలీసమ్మ పిన్ని మంచం మీద కూర్చుని ఉంది. నాలుగేళ్ళ కిందట పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ బయటికి రావడం తక్కువ.

"ఆ... అది... ఆ తె..." అంటోంది పిన్ని.

"తెల్ల చీరా?" అన్నాడు బాబాయి. కాదని తలూపింది. "తెడ్డా?" అవునంది. పొయ్యి మీద జావ పొంగుతోంది.

నన్ను చూసి గుమ్మంలోకి వచ్చాడు. "బాబాయ్, నిన్నటి దానికి నన్ను..." అని ఆగాను. 'క్షమించు' అనే మాట ఆయనే అందిస్తాడని ఆగాను. అందించలేదు. చచ్చినట్టు నేనే అన్నాను.

"నువ్వన్నదాంట్లో తప్పేముందిలేరా కృష్ణా," అన్నాడు గొంతు తగ్గించి. "మీ పిన్నికి జబ్బు చేసిన కొత్తలో కొట్టుకి తీసుకెళ్ళాను. ఉప్పు అనే మాట రాలేదు. నేనందించాను. అక్కడున్నవాళ్ళు నవ్వారు. ఇంటికొచ్చి, నాకొక్కదానికే అందిస్తావా, నేనేం పిచ్చిదాన్నా అని రెండు రోజులు అన్నం తినలేదు. ఆ మాటన్నా పూర్తిగా అనలేకపోయిందిరా. అప్పట్నుంచి అందరికీ అందిస్తన్నా. కనిపించినోడికల్లా అందిస్తే, ఆవిడకి అందించింది ఎవడికి గుర్తుంటది? పిచ్చోడు జయరావే అవుతాడు, ఆవిడ కాదు."

ఇక్కడ నేను కళ్ళు తుడుచుకున్నానని రాస్తే బాగుంటుంది. నాకు మొదట కలిగింది జాలి కాదు. నార్వే వాళ్ళ ఉత్తరం గుర్తొచ్చింది. మాట వెతుక్కునే మనిషి. సిగ్గు లేకుండా ఆ సంగతే అడిగాను.

బాబాయి ముఖం ఎర్రబడింది. "ఆవిడ తడబాటు ఊరూరా వినిపిస్తావా? పో బయటికి."

"నే... నేను చె... చెబుతా," అంది లోపల్నుంచి పిన్ని.

"నీకు తెలీదు ఎలీసమ్మా, ఊరుకో."

"నాకు... అన్నీ... తెలుసు. ఊ... ఊరిని విసిగించేది... ఎందుకో కూడా."

బాబాయి గుమ్మానికి చేరగిలబడ్డాడు. నాలుగేళ్ళుగా దాచిన గుట్టు ఆవిడ దగ్గర ఒక్కరోజు కూడా దాగలేదని ఆయనకి అప్పుడే తెలిసింది.

మధ్యాహ్నానికి ఆవిణ్ణి కుర్చీతో సహా మేడ మీదికి చేర్చాం. బాబాయి గది మూలన స్టూలు మీద కూర్చుని, అడక్కుండానే కండువా ముద్ద చేసి నోట్లో కుక్కుకున్నాడు. తేజశ్రీ తన మాట చెప్పింది. "నేను మళ్ళీ ఎప్పుడు రావాలి అవ్వా?"

పిన్ని ముందుగా చెప్పాల్సింది మూడే మాటలు. మంచు కరిగాక రా. కాగితం చూసింది, కళ్ళు మూసుకుంది. "మ..." అంది. ఆగింది. "మి... మ..." మళ్ళీ ఆగింది. ఆ మాట కోసం ఆవిడ మనసులో ఎన్ని గదులు వెతుకుతోందో ముఖంలో కనిపిస్తోంది. బాబాయి కళ్ళు బయటికి వచ్చేస్తున్నాయి, మెడ నరాలు ఉబ్బాయి, స్టూలు కదులుతోంది. రెండు చేతులా కండువా అదిమి పట్టాడు.

"మి... మిరప..." అంది పిన్ని. "మిరప... కోతలయ్యాక... రా."

పుట్టి బుద్ధెరిగాక మంచు చూడని మనిషి. ఏటుకూరు పొలాల్లో పుట్టిన ఆవిడకి, పని తీరి చుట్టాలు రాదగ్గ కాలం అదొక్కటే. నేను మిషన్ ఆపాను.

బాబాయి కండువా తీసి ఆవిడ ముందుకి వచ్చి నిలబడ్డాడు. "ఎలీసమ్మా, నువ్వు..." అన్నాడు. మాట రాలేదు. పెదవులు కదులుతున్నాయి. 'బాగా చెప్పావు' అని అందిద్దామని నేను నోరు తెరిచాను.

పిన్ని చెయ్యెత్తింది. "ఆ... గు. ఆయన్నే... చెప్పనీ."

ఆగాం. కింద ఆటోలు పోతున్నాయి. తేజశ్రీ గోడవైపు తిరిగి ముక్కు తుడుచుకుంటోంది. చాలాసేపటికి బాబాయి నోట్లోంచి మాట ఊడిపడింది.

"మంచు," అన్నాడు. "మిరప కాదే, మంచు."

పిన్ని నవ్వింది. ఆవిడ నవ్వుకి తడబాటు లేదు.

అది మళ్ళీ రికార్డు చెయ్యలేదు. నార్వే వాళ్ళకి తెలుగు రాదు. గొంతు విని, ఇన్నాళ్ళకి మా ముసలమ్మ దొరికిందని రాశారు. ఆట వచ్చింది. తెలుగులో ఆడినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. నేను పురుగుమందులే చదువుతున్నాను. ఆ మంచు అడవిలో మాత్రం సగం రాయైపోయిన ముసలమ్మ, ఓపిగ్గా ఆగినవాళ్ళని మిరప కోతలయ్యాక రమ్మంటోంది. ఇవాళ పొద్దున "రైతు సోదరులారా..." అని నేను కావాలనే ఆగాను. కిటికీ ఆలస్యం చెయ్యలేదు.