అన్నయ్య కుడి భుజం

మా అన్నయ్య కుడి భుజం మొదటిసారి జారింది కూర్మన్నపాలెం గ్రౌండులో. వాన పడి ఆగిన సాయంత్రం, పెనాల్టీ బంతి కోసం కుడివైపు దూకి బురదలో పడ్డాడు. లేవలేదు. నాన్న స్కూటర్ మీద సబ్బవరం వైపు తీసుకెళ్లి, అక్కడ కట్లు కట్టే ముసలాయనతో సరిచేయించి, వెదురుబద్దలతో కట్టు వేయించి తెచ్చాడు. కట్టు విప్పాక భుజం మామూలైపోయిందని అమ్మా నాన్నా నమ్మారు. అన్నయ్య మళ్లీ గోలు ముందు నిలబడి బంతులు పడుతుంటే నమ్మక ఏం చేస్తారు?

రెండోసారి ఇంట్లోనే జారింది. అటక మీది ట్రంకుపెట్టె దింపబోయి చెయ్యి పైకెత్తాడు, అంతే. నాన్న స్టీలు ప్లాంటులో మధ్యాహ్నం బి షిఫ్టుకి వెళ్లాడు. అమ్మ గాజువాక వెళ్లింది. నేను మంచం మీద బోర్లా పడుకుని లైబ్రరీ పుస్తకం చదువుకుంటున్నాను. తల ఎత్తేసరికి అన్నయ్య ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. భుజం ఉండాల్సిన చోట గుంట పడి, ఎముక ముందుకు పొడుచుకొచ్చింది.

"అరవకే. ఇలారా. నా మోసెయ్యి పట్టుకో, ఒదిలీకు."

కుడిచేత్తో కిటికీ చువ్వ పట్టుకున్నాడు. ఒంటి బరువంతా మెల్లగా వెనక్కి వాల్చి, పక్కకి తిరిగాడు. నేను కళ్లు మూసుకుని మోచెయ్యి పట్టుకున్నాను. లోపలెక్కడో ఎముక టక్కుమంది. ఆ శబ్దం నా చెవికి కాదు, అరచేతులకి తెలిసింది.

ఆ తర్వాత కూడా జారింది. ప్రతిసారీ అదే కిటికీ, అవే నా చేతులు. అమ్మకీ నాన్నకీ మాత్రం తెలియనివ్వలేదు. చివరికి నా పోరు పడలేక సిటీలో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాడు, నన్నే తోడు తీసుకుని. ఆయన భుజాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఆట ఏడాది మానేసి ఆపరేషన్ చేయించుకోమన్నాడు. "ఇలా జారుతూ ఉంటే ఏదో ఒక రోజు లోపలి నరం నలిగిపోతుంది. అప్పుడు ఈ చెయ్యి పైకి లేవదు" అన్నాడు.

సరిగ్గా ఆ నెలలోనే అన్నయ్యని దేశం తరఫున ఆడే కుర్రాళ్ల ఫుట్‌బాల్ జట్టులోకి తీసుకున్నారు. ఎక్కడెక్కడి దేశాల వాళ్లో హైదరాబాదు వచ్చి రకరకాల ఆటలు ఆడే పోటీలవి. అన్నయ్య రెండో గోల్‌కీపరు.

"బెంచీ మీద కూకోని ఒచ్చేత్తానే" అన్నాడు పెట్టె సర్దుకుంటూ. "మొదటి గోలీ ఏనుగునాగుంటాడు. ఆడికి జొరం కూడా రాదు. ఒచ్చాక ఆపరేసన్ సేయించుకుంతాను. ఒట్టు."

"నాకు భయంగా ఉంది అన్నియ్యా."

"నీకెప్పుడు నేదు భయం? బల్లిని సూసినా భయమే, బస్సులో కండక్టర్ని సూసినా భయమే."

అది నిజమే. క్లాసులో నా పేరు పిలిస్తే గొంతు పెగిలేది కాదు. కండక్టర్ని చిల్లర అడగలేక వదిలేసి దిగిపోయిన రోజులున్నాయి. ఎవరితోనూ అనలేనివి డైరీలో రాసుకునేదాన్ని. మా ఇంట్లో నా భయానికి విలువ లేదు, అది రోజూ ఉండేదే కాబట్టి. ఈసారిది వేరే భయమని ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

సెమీఫైనల్ రోజు మా క్వార్టర్లో కాలు పెట్టే చోటు లేదు. నాన్నతో పాటే ప్లాంటులో పని చేస్తూ కింద వాటాలో ఉండే మావయ్య టీవీకి ఎదురుగా చాప మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. అమ్మ మాత్రం వంటింట్లోనే ఉంది. తను చూస్తే తన దిష్టే తగులుతుందని ఆవిడ నమ్మకం.

టీవీలో బెంచీ కనపడినప్పుడల్లా అందరూ అన్నయ్య పేరు పెట్టి కేకలేసేవారు.

"మీవోడు ఆటకెల్లినాడా, పెళ్లిసూపులకెల్లినాడా బావ? సొక్కా మడత నలక్కుండా కూకున్నాడు!" అన్నాడు మావయ్య.

"కూకోనీరా. కూకున్నందుకే టీవీలో ఏత్తన్నారు" అన్నాడు నాన్న.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మడత నలగకుండా ఉన్న చొక్కాని చూస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చేది.

మనవాళ్లు ఒక గోలు వెనకబడి ఉన్నారు. రెండో సగంలో ఏనుగులాంటి ఆ మొదటి గోలీ, ఎదురొచ్చిన వాడితో గుద్దుకుని పడిపోయాడు. స్ట్రెచర్ మీద మోసుకెళ్లారు. అన్నయ్య చేతితొడుగులు వేసుకుంటూ లోపలికి పరుగెత్తడం కనిపించింది. మా గదిలో ఈలలు, చప్పట్లు. నాన్న లేచి నిలబడిపోయాడు.

కాసేపు బాగానే గడిచింది. తర్వాత గోలుకి కుడిపక్క నుంచి ఒక బంతి దూసుకొచ్చింది. అన్నయ్య గాల్లో అడ్డంగా దూకి, గుప్పిటతో దాన్ని బయటికి గుద్దేశాడు. గది హోరెత్తింది. అన్నయ్య లేచాడు. లేచిన తీరులోనే నాకు తెలిసిపోయింది. కుడిచెయ్యి ఒంటికి అతుక్కుని ఉంది. మెల్లగా గోలు స్తంభం దగ్గరికి నడిచి, ఎడంచేత్తో కుడిచేతిని ఎత్తి దాని మీద పెట్టి, పట్టుకుని వెనక్కి వాలాడు.

"సూడు బావ, గోలుపోస్టుకి మొక్కుతన్నాడు!" మావయ్య తొడ చరిచాడు. "అప్పన్న సామి మీద బారమేసీనాడు!"

వెనక ఎవరో ఆవిడ నిజంగానే చేతులు జోడించింది. అక్కడ మోచెయ్యి పట్టుకోవడానికి ఎవరూ లేరు. అన్నయ్య పళ్లు బిగించి పక్కకి తిరిగాడు. ఎముక ఎక్కిందో లేదో ఇక్కడినుంచి నాకు తెలియలేదు. తను బయటికి వచ్చేస్తే నిలబెట్టడానికి మనవాళ్ల దగ్గర ఇంకో గోలీ లేడు.

ఇంక నాకు మిగిలింది గడియారమే. ఇలాగే ఓడిపోవాలి, ఎవరూ ఇంకో గోలు వేయకూడదు, ఆట అయిపోవాలి. గదినిండా జనం మనవాళ్ల గోలు కోసం దేవుళ్లని పిలుస్తుంటే, వాళ్ల మధ్య కూర్చుని నేను అదే దేవుళ్లకి అడ్డం పడుతున్నాను. ఇక ఈల ఊదుతారనగా మనవాళ్లు గోలు వేశారు.

గది పేలిపోయినట్టయింది. పిల్లలు మంచాలెక్కి గెంతారు. నేను ఏడ్చేశాను. నాన్న నా తల మీద చెయ్యి వేసి, "ఏడవకే పిచ్చిదానా, గెలిసేత్తాం!" అన్నాడు.

"ఇప్పుడు అదనం టైమిత్తారు బావ. ముందెవుడు గోలేత్తే ఆడిదే. అక్కడితో ఆట బందు" అని మావయ్య అందరికీ వివరిస్తున్నాడు.

"నాన్నా, అన్నయ్య భుజం జారిపోయింది" అన్నాను.

ఎవరికీ వినపడలేదు. మళ్లీ అన్నాను, ఈసారి అరిచాను. అంతమందిలో నా గొంతు నేనే ఎప్పుడూ వినలేదు. "అది మొక్కు కాదు నాన్నా! భుజం ఎక్కించుకున్నాడు!"

"ఏటి?"

కిటికీ చువ్వ, డాక్టరు, నరం, ఒట్టు, అన్నీ వెనకాముందూ అయి బయటికొచ్చాయి. మావయ్య ఎందుకో టీవీ శబ్దం తగ్గించేశాడు. అమ్మ జల్లిగరిటె చేత్తో పట్టుకునే వంటింటి గుమ్మంలోకి వచ్చింది. దిష్టి మాట మర్చిపోయి టీవీకి ఎదురుగా నిలబడింది.

ఆట మళ్లీ మొదలైంది. అందరి కళ్లూ అన్నయ్య కుడిచేతి మీదే. బంతి మన గోలు వైపు వస్తే ఎవరికీ ఊపిరాడటం లేదు. ఒక బంతిని ఎడంచేత్తో ఆపాడు. ఒకదాన్ని ముందుకొచ్చి కాలితో తన్నేశాడు.

"ఎడంసేత్తో బాబూ, ఎడంసేత్తో" అని గొణుగుతోంది అమ్మ.

"ఆడ్ని బైటికి నాగీయండ్రా" అన్నాడు మావయ్య టీవీతో. ఇందాకటి నవ్వు లేదు.

అవతలి జట్టువాళ్లు మళ్లీ బంతి తీసుకొస్తుంటే అమ్మ గట్టిగానే అంది: "ఏసీయండర్రా, మీకు పున్నెముంటాది. ఆ గోలేదో ఏసీయండి!"

ఎవరూ ఆవిణ్ని కోప్పడలేదు.

బంతి కుడివైపు, ఎత్తుగా వచ్చింది. పెద్ద వేగమేమీ లేదు. ఇంకో రోజైతే అన్నయ్య దాన్ని జామకాయలా అందుకునేవాడు. చెయ్యి ఛాతీదాకా లేచి అక్కడే ఆగిపోయింది. వెనక వల కదిలింది.

"అమ్మయ్య" అంది అమ్మ.

ఓడిపోయామని ఆ గదిలో ఒక్కరూ బాధపడలేదు. మావయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. టీవీలో అన్నయ్య స్తంభం పక్కన కూలబడి, మోకాళ్లలో తల పెట్టుకున్నాడు. తోటి ఆటగాడొకడు ఓదార్చడానికి వచ్చి కుడి భుజం మీద చరిచాడు. "ఆ బుజం కాదురా!" అని గదంతా ఒక్కసారి అరిచింది.

ఫోను మావయ్యగారింట్లోనే ఉండేది. నాన్నా నేనూ దిగివెళ్లి దాని ముందు కూర్చున్నాం. అది మోగేసరికి చీకటి పడింది. నాన్న చెవికి కాస్త దూరంగా పట్టుకోవడం వల్ల అన్నయ్య మాటలు నాకూ వినపడ్డాయి. ఏడుస్తున్నాడు.

"నా వల్లే ఓడిపోనాం నాన్నా. అందే బంతే. అందే బంతే అది."

ఆ గోలు పడినప్పుడు అందరికంటే ముందు ఊపిరి వదిలింది నాన్నే. బంతి మాట వదిలేసి అడిగాడు.

"సెయ్యి లెగుతందా?"

"పోను ఎడంసేత్తో పట్టుకున్నాను నాన్నా."

నాన్న గోడ వైపు తిరిగాడు. "కదలకు. ఎవుల్నీ సెయ్యెయ్యనీకు. నానొత్తన్నాను" అని ఫోను పెట్టేశాడు. ఆ తర్వాత నా వైపు చూశాడు. తిడతాడనుకుని తల దించుకున్నాను.

"బేగి బట్టలు సర్దు. నువ్వూ రా. ఆ డాక్టరేటి సెప్పినాడో నీకే తెలుసు, అక్కడోలికి నువ్వే సెప్పాల."