బుధవారం పద్యం

మొన్న సాయంత్రం మా కింది వాటాలో ఉండే అమ్మాయి ఫోను చేతపట్టుకుని మేడ మీదికి వచ్చి, పెద్దమ్మా, మీరు టీచరు పని చేసినారు గదా, కొంచెం చూసి చెప్పండి అంటూ తన ఇద్దరు పిల్లల ప్రోగ్రెస్ రిపోర్టులు నా ముందు పెట్టింది. పెద్దది వాగుడుకాయ, నిద్రలో కూడా మాట్లాడుతుంది. చిన్నవాడు నోట్లో నాలుక లేనివాడు, మెట్ల మీద ఎదురుపడితే గోడకు అతుక్కుని నాకు దారి ఇస్తాడు. మార్కులు, గ్రేడులు, రంగురంగుల గీతలు అన్నీ ముచ్చటగానే ఉన్నాయి గానీ, అట్టడుగున టీచరు అభిప్రాయం అన్న చోట ఇద్దరికీ ఒకే మాట, 'గుడ్, కెన్ డూ బెటర్' అని, కామాతో సహా. బాగుందమ్మా అని చెప్పి పంపించాను. ఆ తర్వాత ఏప్రిల్ ఎండకు కాలిన మిద్దె మీద నీళ్ళు చల్లుకుని ఒక్కదాన్నే కూర్చుంటే, ఒక్కొక్క పిల్లకు నాలుగు పాదాల పద్యం రాయడానికి వారాల తరబడి తంటాలు పడిన నా పాత రోజులు గుర్తుకొచ్చాయి. ఆ పద్యాల్లో ఒకదానితో నేను చేసిన తప్పు కూడా గుర్తుకొచ్చింది.

నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ పోయే దారిలో రోడ్డు దిగి కాస్త లోపలికి పోతే, శనగ చేల మధ్య మా బడి ఉండేది. ఎక్కడో దూరదేశంలో పుట్టిన వాల్డార్ఫ్ పద్ధతి నేర్చుకొచ్చిన ఒక పెద్ద మేడమ్ దాన్ని పెట్టింది. ఐదో తరగతి వరకే ఉండేది. ఆ పేరు మా వైపు జనానికి నోరు తిరగక, పిల్లలు ఊలు దారంతో సంచులు అల్లుతారని 'అల్లిక బడి' అనేవారు. నంద్యాల ఎండలో ఊలు అల్లడం ఏమిటని మీరు నవ్వితే తప్పులేదు, మేమూ నవ్వుకునేవాళ్ళం, చెమటకు సూదులు చేతిలోంచి జారిపోయేవి. మా బడిలో పాఠ్యపుస్తకాలు లేవు, పిల్లలు వినిన పాఠాన్ని తామే రాసుకుని, మైనపు రంగులతో బొమ్మలు వేసుకుని, ఏడాదికి తమ పుస్తకం తామే తయారు చేసుకునేవారు. పరీక్షలు లేవు, ర్యాంకులు లేవు. ఒకటో తరగతిలో పట్టుకున్న పిల్లల చేతిని టీచరు ఐదో తరగతి చివరి రోజున గానీ వదిలేది కాదు. ఆ మాట విన్నరోజే నాకు ఆ ఉద్యోగం మీద ఆశ పుట్టింది.

ఎందుకంటే అప్పటికి నా చేతిలో ఎవరి చెయ్యీ లేదు. ఆళ్ళగడ్డలో మాది బట్టల అంగడి. ఇరవై రెండేళ్ళకు నన్ను శ్రీశైలం దగ్గర సున్నిపెంటలో డ్యాం ఉద్యోగం చేసే ఆయనకిచ్చి పెళ్ళి చేశారు. మూడేళ్ళు ఆ క్వార్టర్సులో ఉన్నాను. మా ఇద్దరికీ ఒక్కసారి కూడా పోట్లాట రాలేదు, పోట్లాడుకోవడానికైనా మాటలుండాలి కదా. ఆయన పొద్దున పోయి సాయంత్రం వచ్చి రేడియో పెట్టుకునేవారు. నేను కిటికీలోంచి కొండలు చూసేదాన్ని. పిల్లలు కలగలేదు. ఒకసారి పుట్టింటికి వచ్చినదాన్ని మళ్ళీ పోలేదు, రమ్మని ఆయనా రాయలేదు. అన్నయ్య ఏమీ అనలేదు గానీ వదిన వంటింట్లో నా కంచం ఎక్కడ పెట్టాలో తెలియక రోజుకొక చోట పెట్టేది. అందుకని బడి ఆవరణలోనే ఒక గది తీసుకుని, మౌనంగా ఉండటం గొప్ప గుణమని, నాకు ఎవరూ అక్కర్లేదని, నాకు నేనే నచ్చజెప్పుకుంటూ ఉండేదాన్ని.

మా బడిలో ఏడాది చివర మార్కుల కాగితం బదులు ప్రతి పిల్లకూ ఒక ఉత్తరం, దానితో ఒక చిన్న పద్యం రాసివ్వడం ఆచారం. ఆ పిల్ల ఎట్లా నడుస్తుంది, ఎట్లా నవ్వుతుంది, దేనికి భయపడుతుంది అని ఒక్కొక్కరినీ మనసులో నిలబెట్టుకుని, ఎదగడానికి ఏం కావాలో అది రాయాలి. పిరికివాడికి కోడిపుంజు పద్యం, తొందరపిల్లకు ఎద్దు నడక పద్యం, అట్లా. ఆ పిల్ల వచ్చే ఏడాది పొడుగునా తను పుట్టిన వారం నాడు తరగతి ముందు నిలబడి ఆ పద్యం చెప్పాలి. ఆదివారం పుట్టినవాళ్ళకు సోమవారం ఇచ్చేవాళ్ళం. ఒక తండ్రి నక్షత్రాన్ని బట్టి రాయమని పట్టుబడితే, నాకు జాతకాలు రావు సామీ అని దండం పెట్టి పంపించాను. బడి ఏడాది చివరి నెలలో మధ్యాహ్నాలు పిల్లలు ఇళ్ళకు పోయాక, గోడల మీది నీటిరంగుల బొమ్మలు దించి ఎవరివి వాళ్ళకు కట్టలు కట్టి, పుస్తకాలకు దారం కుట్టి, వేడికి కరిగి ఒకదానికొకటి అంటుకున్న మైనపు రంగులను విడదీస్తూ, నోట్లో పదాలు నములుతూ ఉండేదాన్ని.

నా తరగతిలో పదకొండు మంది. అందులో ఆళ్ళగడ్డ దగ్గర పల్లె నుంచి వచ్చే ఒక రైతుబిడ్డ బుధవారం పుట్టింది. నెమ్మదైన పిల్ల, పెద్ద కళ్ళు, అడిగితే తప్ప మాట్లాడదు. ఒకటో తరగతిలో ఒక రోజు అందరూ గుంపుగా కూర్చుని అన్నం తింటుంటే ఈ పిల్ల తన డబ్బా తీసుకుని వచ్చి నా గది మెట్టు మీద, నా పక్కన కూర్చుంది. డబ్బాలో బొరుగులతో చేసిన ఉగ్గాని. సగం నా కంచంలో పెట్టింది. ఇద్దరం ఒక్క మాట లేకుండా తిన్నాం. ఆ రోజు నాకు ఎంత సంతోషమయిందో చెబితే చిన్నతనంగా ఉంటుంది. ఆ ఏడాది చివర ఆ పిల్లకు నేను రాసిన పద్యం ఇది:

బావి నీళ్ళు కదలకుంటే
చుక్కలన్నీ అందులోనే;
మాట లేని చోట నాకు
మనసు నిండా తోడు ఉంది.

పెద్ద మేడమ్ కూడా బాగుందన్నది. రెండో తరగతి ఏడాదంతా ప్రతి బుధవారం ఆ పిల్ల చేతులు కట్టుకుని, అందరినీ వదిలి నా కళ్ళలోకి చూస్తూ, మెత్తగా అది చెప్పేది. మధ్యాహ్నం మెట్టు మీదికి వచ్చేది. మొదట్లో ఒకరిద్దరు పిల్లలు ఆటకు పిలిచేవారు, తర్వాత పిలవడం మానేశారు. నేను గమనించలేదని చెప్పలేను. గమనించి, లోతైన పిల్ల, అందరిలాంటిది కాదు అని మురిసిపోయాను. మళ్ళీ ఏడాది చివర వచ్చేసరికి ఆమెకు ఇంకా లోతైన పద్యం ఒకటి రాసి, కాగితం చుట్టి, ఎర్ర దారం కట్టి సిద్ధంగా పెట్టుకున్నాను.

ఏడాది ముగింపు రోజున పెద్దవాళ్ళు చాపల మీద కూర్చుంటే పిల్లలు పిల్లనగ్రోవులు ఊది, అల్లిన సంచులు చూపించి, పాత పద్యాన్ని చివరిసారి చెప్పి కొత్తది అందుకునేవారు. ఆ పిల్లతో వాళ్ళ నాయనమ్మ వచ్చింది. మా వైపు జేజి అంటాం. వక్క నములుతూ అందరి పద్యాలూ విని, మనవరాలి పద్యం అయిపోగానే లేచి నన్ను పక్కకు పిలిచింది.

"ఏమ్మా టీచరమ్మా, ఈ పద్యం మా పాప కోసరం రాసినావా, నీ కోసరం రాసుకున్నావా?"

నేను నోరు తెరిచేలోపే అందుకుంది. "ఇంటికాడ గూడా ఇట్లే మూలకు కూచ్చుంటాంది. మొన్న మా యింట్లో పెండ్లయితే పిల్లోల్లంతా ఎగుర్తాంటే ఇదొక్కతే గాదెల సందున కూచ్చోనుండాది. ఏందే, వాళ్ళతో పోగూడదా అంటే, మా టీచరమ్మకు ఇట్లుంటేనే ఇష్టం జేజీ అంటాది."

కొత్త పద్యం ఇంకా బాగా కుదరాలి, సెలవుల్లో పంపిస్తానని ఏదో చెప్పి తప్పించుకున్నాను. అందరూ పోయాక గదిలోకి వచ్చి తలుపు వేసుకుని ముందు కోపం తెచ్చుకున్నాను, పల్లెటూరి ముసలమ్మకు పద్యాల సంగతి ఏం తెలుసని. కోపం చల్లారాక నోటుపుస్తకం తీసి పదకొండు పద్యాలూ వరుసగా చదివాను. మిగతా పది పద్యాల్లోనూ ఎవరో ఒకరు ఎటో ఒకవైపు కదులుతున్నారు, కూస్తున్నారు, దున్నుతున్నారు, ఎగురుతున్నారు. ఈ ఒక్కదానిలో బావి దగ్గర కూర్చున్నది నేను. ఎనిమిదేళ్ళ పిల్ల నోట నా సున్నిపెంట కిటికీని ఏడాది పొడుగునా వల్లె వేయించాను.

సెలవుల్లో ఒక పొద్దున ఆళ్ళగడ్డ బస్సెక్కాను. మా అంగడి దగ్గర దిగి మంచినీళ్ళు తాగాను, భోంచేసి పోతావా అని వదిన అడిగిన తీరుకు ఆకలి లేదని చెప్పి, ఆటో పట్టుకుని ఆ పల్లెకు పోయాను. జేజి ఇంటి ముందు వీధిలో పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు. ఆ పిల్ల అరుగు మీద ఒక్కతే కూర్చుని ఉంది. నన్ను చూడలేదు. నేను పక్కింటి నీడలో నిలబడి, నా పని నేను మొదటిసారి సరిగ్గా చేశాను, అంటే ఆ పిల్లను చూశాను. ఎవరో గంతు వేసినప్పుడల్లా ఆమె కాలి బొటనవేలు అరుగును నొక్కుతోంది. ఒక పిల్ల గీత తొక్కితే, ఆడేవాళ్ళెవరూ కనిపెట్టకముందే 'ఔట్' అని ఆమె పెదవులు కదిలాయి. ఆ ఆట ఆ వీధిలో అందరికన్నా ఆమెకే బాగా తెలుసు. ఆమెకు కావలసింది మౌనం కాదు, పిలుపు.

అక్కడే జేజి ఇంట్లో మంచం మీద కూర్చుని, ఎర్ర దారం కట్టిన పాత కాగితం వెనక కొత్త పద్యం రాశాను.

వాగు వాగూ కలిసి పోతే
ఏరు అయ్యీ ఊరు చేరును;
రండి రండీ, నేను ముందు,
రాళ్ళ మీదుగ దూకి పోదాం!

జేజికి చదువు రాదు, రెండుసార్లు చదివించుకుని వినింది. "ఆఁ, ఇది పాప నోట్లో పట్టేటట్టుంది" అన్నది. కాసేపు నన్ను ఎగాదిగా చూసి, గొంతు తగ్గించి, "మల్ల నువ్వు యాడ కూచ్చోని తింటావమ్మా?" అని అడిగింది. అంతవరకూ ఆ మాట నన్నెవరూ అడగలేదు. నా సంగతి వదిలెయ్యమని నవ్వడానికి ప్రయత్నించాను.

జూన్‌లో బడి తెరిచారు. పద్యం మార్చినంత మాత్రాన పిల్ల మారుతుందా? మొదటి బుధవారం 'రండి రండీ' అని నేల చూస్తూ గొణిగింది. మధ్యాహ్నం డబ్బా పట్టుకుని నేరుగా నా మెట్టు దగ్గరికి వచ్చింది. పోయి వాళ్ళతో తినమ్మా అన్నాను. ఏం తప్పు చేశానన్నట్టు చూసింది. మరునాడు కూడా వచ్చింది. ఇక లాభం లేదని మూడో రోజు నుంచి నేను గదిలోపలే కంచం పెట్టుకుని తలుపు వేసుకున్నాను. బయట ఆమె నిలబడి ఉండటం తలుపు సందులోంచి కనపడేది. పిలవదు, తట్టదు, డబ్బా మూత మాత్రం వేలితో మీటుతూ ఉంటుంది. లేచి గడియ తీద్దామని తలుపు దాకా పోయి వెనక్కి వచ్చిన రోజులున్నాయి. ఒక పసిపిల్ల ముఖం మీద తలుపు వేయడం మంచిపని అని నన్ను నేను నమ్మించుకోవడానికి ఎంత కష్టపడ్డానో ఎవరికీ తెలియదు. ఆ పై వారమంతా కూడా వచ్చింది. దాని తర్వాతి సోమవారం తలుపు సందులో ఎండ తప్ప ఏమీ కనిపించలేదు. కాసేపటికి వేపచెట్టు కింద నుంచి, ఉగ్గాని నాకు, నాకు అని పిల్లలు ఎగబడుతున్న గోల, ఆ గోల మధ్య ఎవరి తర్వాత ఎవరో గట్టిగా వరుస చెబుతున్న ఒక గొంతు వినిపించాయి. ఆ గొంతు అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది. కంచం ముందు కూర్చుని ఏడ్చాను. సంతోషంతోనా అంటే, సగమే సంతోషం.

ఆ ఏడాది మా మూడో తరగతి పిల్లలు ఆవరణలో జొన్న వేసి, కోసి, రొట్టెలు చేశారు. పిట్టలను తోలే దండుకు ఆ పిల్లే నాయకురాలు. ఏడాది ముగింపు రోజున పద్యం చెప్పేటప్పుడు 'రండి రండీ' దగ్గర పక్కనున్న ఇద్దరి చేతులు పట్టి లాగితే చాపల మీది పెద్దవాళ్ళంతా నవ్వారు. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. జేజి మాత్రం నన్నే చూస్తూ ఉండింది. ఇంకో రెండేళ్ళకు వాళ్ళ ఐదో తరగతి అయిపోయింది. చివరి రోజున పదకొండు మందీ నా చేతులు ఊపి, సంచులు తగిలించుకుని, తోసుకుంటూ పోయారు. ఆ పిల్ల అందరికన్నా ముందు పోయింది.

తర్వాత కొన్నేళ్ళకు మేడమ్‌కు చేతకాక బడి మూసేశారు. నేను నంద్యాల వచ్చి వేరే బళ్ళలో పదికి ఇన్ని అని మార్కులు వేస్తూ, టీచరు అభిప్రాయం గడిలో నేను కూడా గుడ్డు గుడ్డు అని రాస్తూ ఉద్యోగం ముగించాను. అరవై మందిని చూడాల్సిన చోట ఎవరినీ చూడలేమని మీకు వేరే చెప్పాలా. మన కాలంలో పిల్ల ఒంటరిగా కూర్చుంటే ఏ జేజో, అత్తో వచ్చి ఏందే నీకు అని అడిగేది. ఇప్పుడు బుద్ధిగా కూర్చుందని మెచ్చుకుంటున్నారు. ఆమధ్య పోయి చూస్తే, మా బడి చుట్టూ ఉన్న శనగ చేలల్లో ప్లాట్ల రాళ్ళు పాతారు. మా గది ఎక్కడుండేదో ఆ రాళ్ళలో గుర్తుపట్టలేకపోయాను.

పోయిన కార్తీకంలో అహోబిలం పోయినప్పుడు జీపుల దగ్గర ఆ బుధవారం పిల్లను చూశాను. ఏదో ఆఫీసువాళ్ళంతా కలిసి వచ్చినట్టున్నారు, ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు. మధ్యలో నిలబడి ఎవరు ఏ జీపు ఎక్కాలో కేకలు వేసి చెబుతూ, మాటకొకసారి పకపకా నవ్వుతోంది. ముప్పై ఏళ్ళ మనిషి, అయినా ఆ కళ్ళు పోలేదు. నేను పదడుగుల దూరంలో పులిహోర పొట్లం విప్పుకుని రాతి మీద కూర్చున్నాను. పేరు పెట్టి ఒక్క పిలుపు పిలిస్తే చాలు, ఆ గుంపునంతా వదిలి నా దగ్గరికి వచ్చేది, నాకు తెలుసు. అందుకే పిలవలేదు. జీపులు కదిలిపోయాయి. నా జీవితంలో నేను చేసిన ఒకే ఒక మంచి పని ఆ పిల్లను నా పక్కనుంచి లేపి పంపడమేనని ఇప్పటికీ నమ్ముతాను. అయినా ఆ రోజు ఆమె తనంతట తానే ఒకసారి ఇటు తిరిగి, నన్ను చూసి, వచ్చి పక్కన కూర్చుంటే ఎంత బాగుండేదో.